పట్టీ కింద కోత

"ఆ ట్రేలో నేను నవంబరులో టర్కీ కోడి కాలుస్తాను, వెండెల్. నీ తుపాకీ ముక్కలు నానబెట్టుకోడానికి కాదది."

"కడిగేస్తాగా."

"పోయినసారీ కడిగావు. థాంక్స్‌గివింగ్ రోజు మా తమ్ముడు ఒక ముక్క నోట్లో పెట్టుకుని, ఇందులో ఏం వేశావక్కా, ట్రాక్టర్ షెడ్డు వాసనొస్తోందన్నాడు."

"నీ వంటకి వంక పెట్టడం వాడికి కొత్తా?"

"వంటకి కాదు, గ్రీజుకి పెట్టాడు."

ఏప్రిల్ నెల, శనివారం ఉదయం. మా వంటింటి సింకులో నా పెద్ద ట్రే, దాన్నిండా కిరసనాయిలు, అందులో ఒక యుగోస్లావియా తుపాకీ తాలూకు బోల్టు మునిగి ఉంది. సైనిక గిడ్డంగుల్లో తుప్పు పట్టకుండా వాటికి పూసే గ్రీజు నలభై ఏళ్ళకి గట్టిపడి పాత తేనెలా తయారవుతుంది. అది కరగాలంటే నానబెట్టాల్సిందే, నాకూ తెలుసు. కానీ ఆ పనికి ఆయనకంటూ ఒక ట్రే కొనిచ్చాను. దాన్లో ఇప్పుడు చేపల గాలానికి వానపాములు కాపురముంటున్నాయి.

"వానపాముల్ని తీసి ఈ ట్రేలో వెయ్యనా మరి?" అన్నాడు. అది ఆయన దృష్టిలో రాజీ.

అప్పుడే ఫోన్ మోగింది. ఓపల్ బౌషర్ చేసింది.

ఓపల్‌ది మా చర్చే. డెబ్భై అయిదేళ్ళుంటాయి. ఆమె భర్త లైల్ ఫిబ్రవరిలో పోయాడు. లైల్ వడ్రంగి. మా వంటింటి అలమరలు ఆయన చేసినవే. పంతొమ్మిదేళ్ళయినా ఒక్క తలుపు కిర్రుమనలేదు, ఒక్క సందు వెడల్పవలేదు. ఆ అలమరలు బిగించే రోజుల్లో ఆయన మూడు రోజులు మా ఇంట్లో ఉండి, మొత్తం కలిపి ఇరవై మాటలు మాట్లాడి ఉంటాడు.

"మార్జరీ, బట్టల బీరువాలో హార్లన్ తుపాకీ ఉంది," అంది ఓపల్. "యుద్ధం నుంచి తెచ్చుకున్నాడు చూడు, మా బావగారు. ఇండియానాకి మారిపోతూ మా ఆయన దగ్గర దాచమని పెట్టాడు. తర్వాత వాళ్ళిద్దరికీ మాటలు లేకపోయె. హార్లన్ పోయె. అదిక్కడే ఉండిపోయింది. వాళ్ళమ్మాయి జోలీన్‌కి ఇద్దామా అనుకుంటున్నా. ఇవ్వదగ్గ స్థితిలో ఉందో లేదో వెండెల్ ఒక్కసారి చూసి చెప్తే బాగుంటుంది."

చూసి చెప్పమంది. అంతే. ఇన్నేళ్ళ తర్వాత కూడా ఆ మాటను ఆమె గొంతుతోనే వినగలను.

మా సంగతి కొంచెం చెప్పాలి. పాత సైనిక తుపాకులు సేకరించడం వెండెల్ సరదా అని మా ఊళ్ళో అందరూ అంటారు. నిజానికి అందులో సగం నాది. దక్షిణ ఒహాయోలో జరిగే తుపాకుల సంతలు, తాకట్టు దుకాణాలు, పోయినవాళ్ళ ఇళ్ళ వేలాలు, వార్తాపత్రికల్లో రెండేసి లైన్ల ప్రకటనలు, అన్నీ ఇద్దరం కలిసే తిరిగాం. ఆయనకి కంటి ఆపరేషన్ అయ్యాక సన్న అంకెలు కనబడవు. భూతద్దం నా చేతికొచ్చింది. అంకెలు దిద్దిన తుపాకులు, గీకి పాలిష్ పట్టించి కొత్త పెళ్ళికూతుళ్ళలా నిలబెట్టిన తుపాకులు, నాలుగింటి ముక్కలు కలిపి ఒకటిగా అమ్మేవి, వీటిని నేను ఎంత దూరం నుంచైనా పట్టేస్తాను. సంతల్లో కొందరు నన్ను చూడగానే బల్ల మీద గుడ్డ కప్పేస్తారని వెండెల్ గొప్పగా చెప్పుకుంటాడు.

అమ్మేవాళ్ళ ముందు మాకొక పద్ధతి ఉంది. వస్తువు నచ్చితే ఇద్దరిలో ఎవరం బాగుందని అనకూడదు. నేను దాంట్లో లోపమేమిటో పైకి చెప్పాలి. ఆయన "పోనీలే, వదిలెయ్" అనాలి. సంతల్లో ఇది తప్పనిపించేది కాదు. బల్లకి అటువైపు ఉన్నవాళ్ళు పొద్దున లేచి అబద్ధాలతోనే పళ్ళు తోముకుంటారు.

ఓపల్ ఇంట్లో మాత్రం బల్లకి అటువైపు ఎవరూ లేరు. రేగుపండ్లంత పెద్ద ద్రాక్షలు కూరి కాల్చిన తీపి 'పై' ముక్కలు, కాఫీ, ఉన్ని దుప్పట్లో చుట్టిన తుపాకీ, ఇవే ఉన్నాయి. ఆమె వంటింట్లో కాఫీ కాస్తోంది. వెండెల్ దుప్పటి విప్పాడు. అది జర్మన్ మౌజర్ రైఫిల్.

నేను భూతద్దం తీసుకుని అంకెలు చదవడం మొదలుపెట్టాను. జర్మన్ ఫ్యాక్టరీల్లో ప్రతి ముక్క మీదా, చివరికి స్క్రూల మీద కూడా, తుపాకీ నంబరులోని చివరి అంకెలు కొట్టేవాళ్ళు. యుద్ధంలో, ఆ తర్వాత మరమ్మతుల్లో, ఆ ముక్కలన్నీ కలగాపులగమైపోయాయి. అన్నీ ఒక తల్లి పిల్లలుగా మిగిలిన తుపాకీ దొరకడం చాలా అరుదు. అలాంటిదాని కోసం పదకొండేళ్ళుగా వెతుకుతున్నాం.

"నలభై ఏడు," అని మెల్లగా అన్నాను. "ఇక్కడా నలభై ఏడు. స్క్రూ మీదా నలభై ఏడు."

వెండెల్ చెవులు ఎర్రబడ్డాయి. ఆయనకి ఉద్వేగం వస్తే అవే మొదట చెప్పేస్తాయి. కర్రకీ గొట్టానికీ కలిపి బిగించి ఉన్న ఇనుప పట్టీని ఊడదీసి ముందుకి జరిపాడు.

దాని కింద కర్ర అడ్డంగా కోసి ఉంది. రంపపు పళ్ళ గీతలు కనబడుతున్నాయి. మోటు కోత. మళ్ళీ జిగురు పెట్టి కలిపారు.

ఇద్దరం ఒకరినొకరం చూసుకున్నాం. ఆ కోత ఏమిటో మా ఇద్దరికీ తెలుసు. యుద్ధం ముగిశాక శత్రువుల దగ్గర పట్టుకున్న తుపాకీని మన అమెరికన్ కుర్రాళ్ళని ఇంటికి తెచ్చుకోనిచ్చేవాళ్ళు. కానీ అది భుజానికి వేసుకునే సంచిలో పట్టేది కాదు. అందుకని సరిగ్గా పట్టీ వచ్చే చోటే కర్రను రంపంతో కోసి, రెండు ముక్కలుగా సంచిలో దోపుకుని, ఇంటికి వచ్చాక అతికించుకునేవాళ్ళు. పట్టీ వేస్తే కోత కనబడదు. అలా కోసినవి మేం డజన్లకొద్దీ చూశాం, అన్నీ అదే చోట. కోత వల్ల ధర కొంత తగ్గే మాట నిజమే. కానీ మాలాంటివాళ్ళం దాన్ని చూస్తే లోపల సంతోషిస్తాం. ఇది ఏ వ్యాపారి ఓడలోనో వచ్చింది కాదు, ఒక మనిషి భుజాన వచ్చింది అని దానర్థం.

"అరెరె, కర్ర కోసేశారే," అన్నాను పైకి.

ఓపల్ కాఫీ గిన్నెతో గుమ్మంలో ఆగింది. "ఏమైంది?"

"ఇక్కడ చూడండి. రంపంతో అడ్డంగా కోసి మళ్ళీ అతికించారు. ఇలా కోసినవాటికి బయట పెద్దగా విలువ ఉండదు."

"పోనీలే, వదిలెయ్," అన్నాడు వెండెల్, నేర్పిన చిలకలా.

ఓపల్ గిన్నె కింద పెట్టి దగ్గరికి వచ్చింది. కోత మీద వేలితో రాసి చూసింది. "ఎవరు కోశారు?"

ఆమె అడిగింది నన్ను. వెండెల్ కళ్ళజోడు తుడుచుకుంటున్నాడు.

"ఏమో, ఎలా చెప్పగలం?" అన్నాను.

ఆమె కళ్ళు కిటికీ వైపు తిరిగాయి. కిటికీ అవతల పెరట్లో లైల్ పనిచేసుకునే షెడ్డు, దాని గోడకి వరసగా వేలాడుతున్న రంపాలు. ఆ చూపు ఎటు పోయిందో, ఎక్కడ ఆగిందో, ఆగి ఏమనుకుందో నేను చూశాను. చూడలేదని చెప్పుకోవడానికి లేదు. చిన్నవి చూడటంలోనే కదా నాకు పేరు. అప్పుడు ఒక్క వాక్యం చెబితే సరిపోయేది. నేను కాఫీలో పాలు పోసుకున్నాను.

"ఈ ఇంట్లో రంపం పట్టింది ఒక్కడే," అంది ఓపల్. ఇంకాసేపటికి, "ఇలాంటిది ఏ మొహం పెట్టుకుని జోలీన్‌కి ఇవ్వను? తీసుకుపోండి. డబ్బులేం వద్దు."

డబ్బు తీసుకోవాల్సిందేనని మేం పట్టుబట్టాం. అరవై డాలర్లిచ్చాం. విలువలేనిదానికి అంత ఇచ్చామని ఆమె మొహమాటపడి, మిగిలిన ద్రాక్ష పై అంతా రేకు కాగితంలో చుట్టి నా చేతిలో పెట్టింది.

దారిలో వెండెల్ ఈల వేశాడు. నేనూ నవ్వాను. అదీ చెప్పాలి కదా. ఆ రోజు సిగ్గు నా దగ్గరకి కూడా రాలేదు.

జూన్‌లో మా సేకరణదారుల సంఘం ఫైర్ స్టేషను హాల్లో ప్రదర్శన పెడుతుంది. మా బల్ల మీద చీటీలు రాసేది నేనే. నా చీటీల్లో అనుకోవచ్చు, అంటారు అనే మాటలుండవు. తెలిసింది రాస్తాను, తెలియనిది తెలియదని రాస్తాను. ఆ మౌజర్‌కి ఇలా రాశాను: "అన్ని భాగాలూ ఒకే నంబరు. యుద్ధానంతరం ఒక అమెరికన్ సైనికుడు జర్మనీ నుంచి స్వయంగా తెచ్చుకున్నది. సంచిలో పట్టడానికి అతనే కర్రను కోశాడు." గుండ్రంగా, ఒక్క కొట్టివేత లేకుండా రాశాను. ఇంకు ఆరేదాకా ఊదుతూ కూర్చుని, అప్పుడు చదువుకున్నాను. ఓపల్ అడిగిన ప్రశ్నకి జవాబు అక్కడుంది, హాల్లోకి రెండు డాలర్లిచ్చి వచ్చే ఎవరైనా చదువుకునేలా.

చీటీని డ్రాయర్లో పెట్టి మూసేశాను.

మే నెల మధ్యలో, చర్చి వంటింట్లో కప్పులు కడుగుతుంటే ఓపల్ తుడిచే గుడ్డ పట్టుకుని నా పక్కన నిలబడింది. నెలాఖరులో సమాధుల దగ్గర పూలమొక్కలు నాటే పండుగ వస్తోంది. లైల్‌కి ఏం నాటుతున్నారని అడిగాను, మాటకి.

"వెళ్ళబుద్ధి కావట్లేదు," అంది.

"మోకాళ్ళు నొప్పా? వెండెల్ తీసుకెళ్తాడు."

"మోకాళ్ళు కాదులే తల్లీ." ఒక కప్పు చాలాసేపు తుడిచింది. "పంతొమ్మిదొందల అరవై రెండులో పొలం గురించి అన్నదమ్ములిద్దరూ అరుచుకున్నారు. ఆ రాత్రి మా ఆయన షెడ్డులోనే ఉండిపోయాడు. పొద్దున్నే లోపలికొచ్చి గుడ్లు తిని పనికెళ్ళిపోయాడు. ఏం చేశావు అన్ని గంటలు అని నేనడగలేదు. ఇప్పుడు తెలిసింది ఏం చేశాడో."

"ఓపల్..."

"కోత అంత మోటుగా ఎందుకుందీ అని నేనూ ఆలోచించాలే. ఆయన చేతిలోంచి అలాంటి పని ఎప్పుడూ రాలేదు. కోపంలో కోశాడు, అదీ. అన్నం పెట్టిన చేతిలో అంత కక్ష ఎక్కడ దాచాడో. యాభై ఒక్క ఏళ్ళు పక్కన పడుకున్నా, నాకు కనబడలేదు చూడు."

అప్పుడే చర్చిలో మాతోపాటు పనిచేసే బర్నీస్ ఒక ట్రే నిండా ఎంగిలి కప్పులు తెచ్చి మా ఇద్దరి మధ్యా పెట్టి, "ముచ్చట్లాపి చేతులాడించండమ్మా, అవతల గంట కొడుతున్నారు" అంది. చెప్పడానికి వీల్లేకపోయింది అనుకున్నాను. ఆ అనుకోవడంలో ఎంత ఊరట ఉందో గమనించి నా మీద నాకే రోత పుట్టింది.

మరుసటి వారం, శుక్రవారం, ఓపల్ పిలిచింది. భోజనాల బల్ల మీద ఒక ఉత్తరం ఉంది.

"నువ్వు కాలేజీలో చదివినదానివి. ఇది కాస్త సరిచేసి పెట్టు. జోలీన్‌కి."

చదివాను. 'ప్రియమైన జోలీన్, మీ నాన్న తుపాకీ ఇన్నాళ్ళూ మా ఇంట్లో ఉంది. నీకివ్వాలనుకున్నాను. కానీ మీ బాబాయి దాన్ని రంపంతో కోశాడని తెలిసింది. ఎందుకు కోశాడో ఆయన నాకు చెప్పలేదు. మీ నాన్న బతికుండగా ఈ విషయం తెలిస్తే నేనే ఆయన కాళ్ళు పట్టుకునేదాన్ని. మీ బాబాయి తరఫున, మా ఇంటి తరఫున నిన్ను క్షమించమని అడుగుతున్నాను. ఇకమీదట నువ్వు నన్ను పిన్నీ అని పిలవకపోయినా నేను ఏమీ అనుకోను.'

అక్షరాలు వణికి ఉన్నాయి. ఒకచోట వాక్యం చివర చుక్క లేదు. చుక్క పెట్టాను. పెట్టాక నా చేతిని చూసుకున్నాను.

"'కోశాడు' అంటే మరీ కటువుగా ఉందా?" అంది ఓపల్. "'పాడుచేశాడు' అననా?"

"కోశాడు చాలండి," అన్నాను.

ఆ మాట అన్నది నేనే. సరైన మాట ఏదో చెప్పే అలవాటు నాలుక మీద అంతలా పాతుకుపోయి ఉంది. వాక్యం మొత్తం అబద్ధమని తెలిసి, అందులో క్రియ బాగుందని మెచ్చుకున్నాను.

ఆమె ఉత్తరాన్ని మడిచి, కవరులో పెట్టి, నాలుకతో తడిపి అంటించింది. "పోస్టాఫీసు మీంచే పోతావుగా. ఇది అందులో పడేద్దూ. ఇంట్లో ఉంటే మనసు మార్చుకుంటానేమో."

కవరు నా సంచిలో పెట్టుకున్నాను. పోస్టాఫీసు ముందు కారు ఆపాను. దిగలేదు. ఒకావిడ కుక్కతో వచ్చి ఉత్తరాలు వేసి వెళ్ళింది. ఒకాయన వచ్చి నా కారు దారికడ్డంగా ఉందని హారన్ కొట్టాడు. ఇంటికి వచ్చేశాను.

వెండెల్ గరాజులో ఆ మౌజర్‌కే నూనె రాస్తున్నాడు. మెత్తటి గుడ్డతో, పసిబిడ్డ ఒంటికి రాసినట్టు.

"ఓపల్‌కి చెప్పాలి," అన్నాను.

ఏం చెప్పాలని అడగలేదు. ఆయనకీ ఈ నెలంతా తెలుస్తూనే ఉందన్నమాట. "నువ్వేం అబద్ధం చెప్పావు? కోసింది కోసిందే. విలువ తగ్గేది తగ్గేదే."

"ఎవరు కోశారని అడిగింది."

"మనం చూశామా? నలభై అయిదులో అక్కడ నువ్వున్నావా, నేనున్నానా?"

"వెండెల్, ఈ కోతలు ఎవరివని నీకు సందేహముందా?"

గుడ్డ ఆగింది. "మనవాళ్ళనే మాటే కదా. తుపాకీని కొనాలి గానీ కథని కొనకూడదని. అమ్మేవాళ్ళు చెప్పే కథలు వింటూ కూర్చుంటే ఒక్కటీ కొనలేం."

"ఆమె మనకే కథా చెప్పలేదు. మనమే ఆమెకొకటి అంటగట్టి వచ్చాం. ఆయన సమాధికి పూలు పెట్టనంటోంది. యాభై ఏళ్ళ కాపురాన్ని తవ్వి తవ్వి ఆయన కోపం ఎక్కడుందో వెతుక్కుంటోంది."

"చెబుదాంలే. జూన్ అవనీ. ప్రదర్శన అయ్యాక నెమ్మదిగా చెబుదాం." ఆయన గొంతు తగ్గింది. "పదకొండేళ్ళు, మార్జ్. ఇంకో పదకొండేళ్ళు వెతకాలంటే నాకు డెబ్భై దాటుతాయి. అప్పటికి ఈ కళ్ళు కూడా ఉండవు."

ఆయన్ని తిట్టబోయి ఊరుకున్నాను. ఓపల్ గుమ్మంలో నిలబడి అడిగినప్పుడు నోరు తెరిచింది నేను. ఆయన కేవలం మా పద్ధతి ప్రకారం వంత పాడాడు. పైగా ఆ రెండు రోజులూ ఉత్తరం నా సంచిలోనే ఉంది. పోస్టులో వేయనూ లేదు, వెనక్కి ఇవ్వనూ లేదు. ఏ పని చేసినా ఒక నిర్ణయం అవుతుందని ఏ పనీ చేయలేదు.

ఆదివారం చర్చిలో, పాట అయ్యాక, పాస్టరు ఎప్పటిలాగే అడిగాడు, ఈ వారం ఎవరికైనా పంచుకునే సంతోషాలు గానీ, అందరం ప్రార్థించాల్సిన బాధలు గానీ ఉన్నాయా అని. మా చర్చిలో ఇది మామూలే. ఒకరు లేచి మోకాలి ఆపరేషన్ అన్నారు. ఒకరు మనవరాలు పుట్టిందన్నారు. మొక్కజొన్నకి వాన కావాలని రైతు డార్విన్ ప్రతి వారంలాగే అడిగాడు, అందరూ నవ్వారు.

అప్పుడు ఓపల్ లేచింది. ముందు బెంచీని పట్టుకుని నిలబడింది. ఈ చర్చిలో ఆమె లేచి మాట్లాడగా నేను ఎప్పుడూ చూడలేదు.

"లైల్ కోసం ప్రార్థించండి," అంది. "బతికుండగా తన అన్నకి ఒక అన్యాయం చేశాడు. చెప్పుకోకుండా పోయాడు. ఆయనకి క్షమాపణ దొరకాలని ప్రార్థించండి. నేను కూడా క్షమించగలగాలని."

ఆమె కూర్చుంది. పాస్టరు ఒక క్షణం తడబడి కళ్ళు మూసుకున్నాడు. అందరూ తలలు వంచారు. అరవై మంది, ఒక నిర్దోషి తప్పు మన్నించమని.

నా వెనక బెంచీలో బర్నీస్ ఎవరితోనో గుసగుసలాడింది. "లైల్ చేశాడా? చీమకి కూడా హాని చేసేవాడు కాదే."

"ఆ మూగనోళ్ళే," అంది రెండో గొంతు. "లోపల ఏముంటుందో ఎవరికి తెలుసు."

సంచి నా ఒళ్ళో ఉంది. ఉత్తరం అందులో ఉంది. తల ఎత్తలేకపోయాను. ప్రార్థన అయిపోయి అందరూ తలలెత్తాక కూడా, నా బూట్ల మీద మట్టి చూస్తూ కూర్చున్నాను. వెండెల్ పాటల పుస్తకం తెరిచాడు. అది తలకిందులుగా ఉంది.

ఆ మధ్యాహ్నం మా అమ్మాయి ట్రూడీ, అల్లుడు కెంట్ భోజనానికి వచ్చారు. కోడిమాంసం, నూడుల్స్ కలిపి వండి, మెత్తగా చేసిన బంగాళదుంపల మీద పోసుకుని తినడం మా ఇంట్లో ఆదివారాల అలవాటు. వడ్డించాను. కెంట్ బేస్‌బాల్ ఆట గురించి చెప్పాడు. ఎవరూ వినలేదు, అయినా చెప్పాడు.

"అమ్మా, ఓపల్ అంత మాటన్నదేంటి?" అంది ట్రూడీ. "లైల్ ఏం చేశాడంటావు? బయటికొస్తుంటే బర్నీస్, అన్న పొలం కాజేసి ఉంటాడంటోంది."

"అప్పుడే పొలం దాకా వెళ్ళిందా?" అన్నాడు కెంట్. "సాయంత్రానికి బ్యాంకు దోపిడీ చేయిస్తారు పాపం ఆయన చేత. మామయ్యా, మీకేమైనా తెలుసా?"

వెండెల్ బఠాణీలు ఫోర్కుతో ఒక్కొక్కటే పక్కకి నెట్టుకుంటున్నాడు. "బీన్స్ ఇటివ్వు," అన్నాడు. బీన్స్ ఆయన ముందే ఉన్నాయి.

నేను నా ఫోర్కు కింద పెట్టాను.

"లైల్ ఏమీ చేయలేదు," అన్నాను. "చేసింది నేను."

ట్రూడీ నవ్వబోయి, నా మొహం చూసి ఆగిపోయింది. ఓపల్ తుపాకీ ఎందుకు చూడమందో, నేనేం చెప్పానో, ఏం చెప్పలేదో, ఉత్తరంలో ఏముందో, అంతా చెప్పాను. పెద్ద కథేం కాదు. నూడుల్స్ చల్లారేలోపే అయిపోయింది. లోపల నెలన్నర మోసినది, బయటికి చెబితే అయిదు నిమిషాలు పట్టింది.

"నువ్వా?" అంది ట్రూడీ. "సంతలో ఒకడు బ్రష్షుతో అంకె దిద్దాడని అందరి ముందూ దులిపేశావు కదమ్మా నువ్వు."

"అవును. నేనే."

కెంట్ నీళ్ళు తాగాడు. వెండెల్ తల ఎత్తకుండానే అన్నాడు, "ఇద్దరం చేశాం. నీ ఒక్కదాని నెత్తిన వేసుకోకు."

"సరే, ఇద్దరం. కానీ అడిగింది నన్ను, జవాబు చెప్పాల్సింది నేను. గిన్నెలు తర్వాత కడుగుతాను. ఇప్పుడే ఓపల్ ఇంటికి వెళ్తున్నాను. తుపాకీ తీసుకెళ్తున్నాను, ఉత్తరం కూడా. ఆ కోత హార్లన్‌దని, అది నాకు మొదటి క్షణం నుంచీ తెలుసనీ చెప్తాను. ఆ తుపాకీ జోలీన్‌కి చేరాలి. ఎవరూ నాతో రావద్దు."

వెండెల్ తన పళ్ళెం పక్కకి జరిపాడు. "ప్రదర్శనకి మన పేరు ఇచ్చేశాం," అన్నాడు. అది అడ్డుచెప్పడం కాదు. చేతిలోంచి జారిపోయేదాన్ని ఒక్కసారి తడిమి చూసుకోవడం, అంతే. తర్వాత, "గరాజు తాళం కోటు జేబులో ఉంది," అన్నాడు.

"ఇంకొకటి," అన్నాను. "వచ్చే ఆదివారం పాస్టరు అడిగినప్పుడు నేను లేస్తాను. లైల్ పేరు చెప్పి, ఏం జరిగిందో చెప్పి కూర్చుంటాను."

"అందరి ముందా?" అంది ట్రూడీ. "అమ్మా, ఓపల్ ఒక్కదానికి చెబితే చాలదా? ఊళ్ళో మళ్ళీ తలెత్తుకు తిరగొద్దా నువ్వు?"

"ఆవిడ అందరి ముందే లేచి నిలబడింది కదే," అన్నాను.